నవ్వని శవం

మాంగ్‌కాక్‌లో అర్ధరాత్రి ఆటకి వచ్చిన జనం 'పాత తాళం' సినిమాని ఎలా ఉతికి ఆరేశారో కిందటి భాగం చదివినవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. హాంకాంగ్‌లో సినిమా విడుదలకి ముందు ఓ అర్ధరాత్రి ఆట వేస్తారు. తీసినవాళ్ళు వెనక వరసలో నక్కి కూర్చుంటారు, జనం ముందు వరసల్లోంచి తిడతారు. తిట్టు ఎక్కడ పడితే మర్నాడు కత్తెర అక్కడ పడుతుంది. ఈ సినిమాకి తిట్లన్నీ ఒక్కచోటే పడ్డాయి. బీరువా తాళాలు తీయడంలో చేయి తిరిగిన ముసలి దొంగ, తను పెంచిన శిష్యుడి చేతిలోనే కత్తిపోటు తిని, వానలో తడుస్తూ, ఇంకో రెండంతస్తులు ఎక్కితే ఇల్లు వస్తుందనగా ఆరుబయటి మెట్ల మీద కూలబడి ప్రాణం వదులుతాడు. అక్కడ హాలంతా ఏడవాలి. హాలంతా నవ్వింది. "లే తాతా, భోజనానికి టైమైంది" అని ఎవడో అరిచాడు కూడా.

నిర్మాత సీటో ఆ హాలు మెట్ల మీదే తేల్చి చెప్పేశాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికి చివరి రీలు ల్యాబుకి చేరాలి. ఈలోగా ఆ చావు బాగుపడకపోతే దాన్ని పీకి పారేసి, పోయినేడాది ఇంకో సినిమాకి తీసి వాడకుండా వదిలేసిన గోదాము కాల్పులు అక్కడ అతికించేస్తానన్నాడు. ఎడిటర్ సౌఫోంగ్ తెల్లారగానే తన కటింగ్ రూమ్‌కి వచ్చి, ఎప్పుడో కత్తిరించి పడేసిన ముక్కలన్నీ ఏరి, ఒక్కొక్కటీ మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద వేసి చూడటం మొదలుపెట్టింది. ఒక ముక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. మనం కిందటిసారి ఆగింది అక్కడే.

ఆ ముక్కలో ఏముందో తెలియాలంటే అక్కడి వాళ్ళ పద్ధతొకటి తెలియాలి. సినిమాలో చచ్చినవాడికి, షాట్ అవగానే ఎర్ర కవరొకటి చేతిలో పెట్టాలి. అందులో ఎంతుందన్నది ఎవడూ చూడడు, కవరు ఎర్రగా ఉంటే చాలు. కవరు అందుకున్నవాడు కెమెరా కేసి తిరిగి నవ్వాలి. ఆ నవ్వు రీలు మీద పడితేగానీ నటించిన చావు ఒంటిని వదలదు. నేనివన్నీ నమ్మనని కోతలు కోసేవాళ్ళు కూడా నవ్వకుండా ఇంటికి పోరు. అందుకే డైరెక్టర్ కట్ అన్నా సరే, శవం నవ్వేదాకా కెమెరామన్ కెమెరా ఆపడు. ఆ నవ్వుల తోకలు ఎడిటర్ దగ్గరికి వస్తాయి, ఎడిటర్ కత్తిరించి పక్కన పెడుతుంది. సౌఫోంగ్ గదిలో వాటి కోసం ఓ బిస్కెట్ల డబ్బా ఉంది. ఇన్నేళ్ళుగా ఆవిడ కూర్చిన క్రైమ్ సినిమాల్లో చచ్చిన రౌడీలు, పోలీసులు, పోలీసులకి ఉప్పందించేవాళ్ళు అందరూ ఆ డబ్బాలో పళ్ళికిలించుకుని పడున్నారు.

ఈ తోకలో నవ్వు లేదు.

ముసలి దొంగ వేషం వేసిన యౌ తక్‌షింగ్ మెట్ల మీద వెల్లకిలా పడున్నాడు. కట్ చెప్పకముందు ఆయన చచ్చిన తీరు సినిమాలో ఉన్నదే. కళ్ళు తేలేసి, నోరు వంకర పెట్టి, కాళ్ళు టపటపా కొట్టుకుని చచ్చాడు. జనం పగలబడి నవ్వింది దానికే. అది అయిపోయాక ఆయన ఒంట్లోంచి నటన దిగిపోయింది. కళ్ళు తెరిచి కెమెరాలోకి చూస్తున్నాడు. కవరు పట్టుకుని ఎవరూ రావడం లేదు. వాన కళ్ళలో పడుతున్నా రెప్ప వెయ్యడం లేదు. ఏదో అడుగుదామనుకుని, ఎవరినడగాలో తెలియక, ఇక అడగడమే మానేసినవాడి మొహం అది. రీలు అయిపోయేదాకా అలాగే చూశాడు.

సౌఫోంగ్ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఆ వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది కూడా. ఈ చావు ఇన్నాళ్ళూ తన బల్ల కిందే దుమ్ము కొట్టుకుని పడుంది. తనేమో ఆ తేలేసిన కళ్ళని అటు కత్తిరించి, ఇటు కత్తిరించి, నెల్లాళ్ళు నానా చాకిరీ చేసింది.

డైరెక్టర్ కిట్ అప్పుడే లోపలికి వచ్చాడు. నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయాయి. రెండు చేతుల్లో రెండు టీలు, ఒకటి దారిలోనే సగం ఒలికింది. సౌఫోంగ్ దగ్గర కటింగ్ నేర్చుకుని, ఆ తర్వాత డైరెక్టరైనవాడు. అందుకని ఆవిడ ముందు డైరెక్టర్‌గిరీ సాగదు.

"అక్కా, రాత్రంతా ఆలోచించాను. తప్పు మనది కాదు, జనానిది."

"సరే నాయనా, అయితే జనాన్ని మార్చేద్దాం. ల్యాబుకి పంపితే ఐదింటికల్లా కడిగి ఇస్తారు."

"వెటకారం ఆపు. ప్రపంచంలో గొప్పవనిపించుకున్న క్రైమ్ సినిమాలన్నీ తీసుకో. ఏముంటాయి వాటిల్లో? చీకటి నీడలుంటాయి. మాటలు తక్కువుంటాయి. తలరాత వెంటాడుతుంది, హీరో ఓడిపోతాడు. అవన్నీ నేను పెట్టానా లేదా? తడి నేల మీద ట్యూబులైటు వెలుతురు కూడా పెట్టాను. ఇంకేం ఏడ్చింది వీళ్ళకి?"

"అన్నీ పెట్టావు. మనిషిని పెట్టడం మర్చిపోయావు."

"అంటే?"

"అంటే ఏముంది, కూర్చో." సౌఫోంగ్ స్టూలు అతని వైపు తోసింది. "నువ్వూ నేనూ బస్సులో టికెట్ కొనుక్కుని ప్రయాణం చేసే మర్యాదస్తులం. ఎవడి జేబులోనూ చెయ్యి పెట్టం. అలాంటి మనం హాల్లో కూర్చున్నాక, తెర మీద దొంగ గోడ దూకుతుంటే, వీడు దొరక్కూడదురా దేవుడా అని మొక్కుకుంటాం. వాడు దొరుకుతాడని తెలుసు. దొరకాలనీ తెలుసు. అయినా మొక్కుకుంటాం. ఇంటికెళ్ళాక సిగ్గేస్తుంది, ఇంతసేపూ నేనెవడి పక్కన నిలబడ్డానా అని. ఆ సిగ్గు పుట్టించిన సినిమాని ఏళ్ళు గడిచినా మర్చిపోలేం. తుపాకులదేముంది, సీటో కూడా కొంటాడు. నీడలు నువ్వూ కొంటావు."

"మరి ఆ మొక్కుకోవడం ఎక్కణ్ణుంచి వస్తుందట?"

"వాడికి కావలసింది నాకూ కావలసిందే అనిపించడంలోంచి. నీ దొంగకి ఏం కావాలిరా? షూటింగప్పుడు నిన్ను అడిగాను. విముక్తి అన్నావు. విముక్తి ఎలా ఉంటుంది? కూరలో వేస్తారా, ఒంటికి రాస్తారా? వాడికి ఆ రెండంతస్తులూ ఎక్కి, తడిబట్టలు విప్పి, వేడిగా ఇంత గంజి తాగాలని ఉంది. ఆ సంగతి నువ్వు చెప్పలేదు, నేను పట్టుకోలేదు. ఆయన మొహంలో ఉంది. చూడు."

తోక మళ్ళీ తిప్పింది. కిట్ వంగి చూశాడు. చేతిలో టీ మిగతా సగమూ ఒలికిపోతున్నా చూసుకోలేదు.

"పెట్టేయ్," అన్నాడు చివరికి. "కళ్ళు తేలేసేదంతా కోసి పారేసి ఇది పెట్టేయ్. ఇంకేం అక్కర్లేదు."

"ఆయన్ని అడగాలి."

"ఎందుకు? రీలు కంపెనీది."

"ఇది కవరు చేతికి రాకముందు ముక్క. దీని చివర నవ్వు లేదు. ఇలాగే సినిమాలోకి పోతే, ఆ ముసలాయన లెక్కలో తను అందులో చచ్చే ఉంటాడు. ఇక లేవడు."

"అక్కా, నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"నా నమ్మకంతో పనేముంది? ఆయన నమ్ముతాడు. మొహం ఆయనది."

కిట్ జుట్టు పీక్కున్నాడు. ఆ రోజు సంగతి అతనికి గుర్తే. కవరు ఆలస్యమైంది, రీలు అయిపోయింది, యౌ తర్వాత తీరిగ్గా నవ్వాడు, దాన్ని తియ్యడానికి కెమెరాలో ఫిల్మ్ లేదు. ఆ తర్వాత షూటింగ్ అయ్యేదాకా ముసలాయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కవరు కోసం అలిగాడని యూనిట్ అంతా చెవులు కొరుక్కున్నారు. "అంత అలిగినవాడు ఇప్పుడు ఒప్పుకుంటాడా? చెంప పగలగొడతాడు," అన్నాడు కిట్.

"కొడితే కొట్టించుకుందాం. పద."

తలుపు దాటేలోగా ఫోన్ మోగింది. సీటో.

"ఏమైంది నా రీలు?"

"అవుతోంది బాస్."

"ఏం అవుతోంది? ఆ ముసలాడు చస్తున్నాడా, ఇంకా తన్నుకుంటున్నాడా? చూడమ్మా ఫోంగ్, నాకు గొప్ప సినిమా అక్కర్లేదు. గొప్ప సినిమా తీసినవాళ్ళందరూ అద్దె ఇళ్ళలో ఉన్నారు. నాకు శుక్రవారం హాల్లో ఎవడూ నవ్వకుండా ఉంటే చాలు." పెట్టేశాడు.

యౌ తక్‌షింగ్ రోజూ పొద్దున కూర్చునే టీ కొట్టు హుంగ్‌హోమ్‌లో ఉంది. గోడవైపు బల్ల ముందు గుర్రప్పందేల పేపరు పరుచుకుని, వెన్న బన్ను తుంచుకుని తింటున్నాడు. ఆయన సినిమాల్లో ఎప్పుడూ మూడో రౌడీ. మొదటి రౌడీ మాట్లాడతాడు, రెండో రౌడీ కొడతాడు, మూడో రౌడీ చస్తాడు. పోస్టర్ మీద పేరు పడటం ఈ సినిమాతోనే మొదలు.

"రండి రండి," అన్నాడు తల ఎత్తకుండానే. "రాత్రి హాల్లో నేనూ ఉన్నాను. టోపీ కిందికి లాక్కుని కూర్చున్నా. భోజనానికి లెమ్మన్నారుగా, అప్పుడే లేచి వచ్చేశాను."

"బాబాయ్, మీ మీద కోపంతో అన్న మాట కాదది," అంది సౌఫోంగ్.

"నా మీద కాక టికెట్లమ్మేవాడి మీదా? ఇదిగో, ఈ డైరెక్టర్‌గారే కాలు కొట్టుకోమన్నాడు."

"ఒక్కసారి కొట్టుకోమన్నాను బాబాయ్," అన్నాడు కిట్. "మీరు ఈత కొట్టారు."

"గొప్ప చావు కావాలన్నావుగా. గొప్పగా చచ్చాను."

సౌఫోంగ్ బల్ల కింద కిట్ కాలు తొక్కింది. ఆ తర్వాత ఏదీ దాచకుండా చెప్పేసింది. ఏ ముక్క దొరికింది, అందులో నవ్వు లేదు, అది పెడితే సినిమా నిలబడుతుంది, పెట్టకపోతే సీటో గోదాము కాల్పులు అతికిస్తాడు, అన్నీ. యౌ బన్ను పళ్ళెంలో పెట్టేశాడు. పేపరు మడతపెట్టాడు.

"కుదరదు."

"ఒక్కమాట వినండి..."

"కుదరదన్నానా? నేను పెళ్ళికి ముందునుంచీ చస్తున్నానే పిల్లా. కాల్చారు, పొడిచారు, ఓడలోంచి తోశారు, ఓసారి చేపల ట్రక్కు కింద కూడా పడేశారు. ప్రతిసారీ నవ్వాకే ఇంటికెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతుంది, నవ్వావా అని. నవ్వానంటేనే లోపలికి రానిస్తుంది. ఆవిడ ముందు ఏమని చెప్పుకోను? నా చావుని నవ్వు లేకుండా ఊరంతా ఆడిస్తున్నారని చెప్పనా?"

"ఆ రోజు ఏం చెప్పారు?" అని కిట్ అడిగాడు.

యౌ అతని కేసి చూడలేదు. "నవ్వానని చెప్పాను. నవ్వాను కదా తర్వాత."

కొట్టువాడు వచ్చి అడక్కుండానే టీలు పెట్టి వెళ్ళాడు. సౌఫోంగ్‌కి విసుగు ముంచుకొచ్చింది. ఎవరి మీదని విసుక్కోవాలి? భయపడే ముసలాయన మీదా, తొందరపెట్టే సీటో మీదా, పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న ఈ మేధావి మీదా? ఎన్నేళ్ళు ఎన్ని సినిమాలు కూర్చింది. దేన్నీ ఎవడూ వారం దాటి గుర్తుపెట్టుకోలేదు. ఇన్నాళ్ళకి ఒక్క మొహం, నిజమైన మొహం, చేతికి దొరికితే అదీ జారిపోతోంది.

"సరే బాబాయ్," అంది. "మీరొద్దంటే వద్దు. తీసుకెళ్ళి డబ్బాలో పడేస్తాను. మీ పేరు పోస్టర్ మీద ఉంటుంది, మీ చావు సినిమాలో ఉండదు. మీ బదులు గోదాములో ఎవడెవడో చస్తాడు. మీరు ఎక్కడికి పోయారో కూడా జనానికి తెలియదు."

"మొదటిసారి పేరేసి, చావు కూడా లాక్కుంటారా?"

"నేను లాక్కోవడం లేదు. అందుకేగా అడగడానికి వచ్చాను."

యౌ టీ కప్పు పక్కకి జరిపాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

"చూపించు. చూస్తానన్నానంతే, మాటివ్వలేదు."

కటింగ్ రూమ్‌లో ఆయనకి తన కుర్చీ ఇచ్చి సౌఫోంగ్ నిలబడింది. కిట్ గోడకి చేరగిలబడ్డాడు. మూవియోలా చిన్న తెర మీద వాన పడింది, మెట్లు వచ్చాయి, ముసలి దొంగ మొహం వచ్చింది. షూటింగ్‌లో శబ్దం రికార్డు చెయ్యరు, మాటలన్నీ తర్వాత పెట్టేవే, కాబట్టి గదిలో యంత్రం తిరిగే చప్పుడొక్కటే ఉంది. ముక్క అయిపోయింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు యౌ.

మళ్ళీ వేసింది.

"ఇక్కడ చూడండి బాబాయ్," అని కిట్ అందుకున్నాడు, "ఈ చూపులో ఒక మనిషి ఒంటరితనం మొత్తం..."

"నువ్వు నోర్మూసుకో నాయనా." యౌ ఇంకా తెర మీదికే వంగి ఉన్నాడు. "ఫోంగ్, నిజం చెప్పు. దీనికి జనం ఏడుస్తారా?"

సౌఫోంగ్ అబద్ధం చెప్పదలుచుకోలేదు. "సగం మంది ఏడుస్తారు. మిగతా సగం సిగరెట్ కాల్చుకోవడానికి బయటికి పోతారు. కానీ వెంటనే వెలిగించరు."

ఆ జవాబు ఆయనకి నచ్చినట్టుంది. తల ఊపాడు.

"పెట్టు."

కిట్ గోడ దగ్గర్నుంచి ఎగిరి దూకినంత పని చేశాడు. సీటోకి ఫోన్ చెయ్యడానికి పక్క గదిలోకి పరిగెత్తాడు. తలుపు వెనకనుంచి అతని గొంతు వినిపిస్తూనే ఉంది, దొరికింది బాస్, ఐదు కాకముందే పంపుతాం అంటూ.

సౌఫోంగ్ ముక్క చేతిలోకి తీసుకుంది, కానీ అతికించడానికి కూర్చోలేదు. "నవ్వు లేకుండానా బాబాయ్? కావాలంటే ఇప్పుడే కెమెరా తెప్పిస్తాను. మీరు నవ్వండి. సినిమాలో పెట్టను, డబ్బాలో దాచుకుంటాను."

"వద్దులే. ఇన్నిసార్లు చచ్చాను, వీడు ఎవరి మొగుడు, వీడికి ఇంటి దగ్గర అన్నం ఎవరు పెడతారు అని ఒక్కడంటే ఒక్కడు అనుకోలేదు. నన్ను పొడిచినవాడికే ఈలలు వేశారు. ఒక్కసారి నాకోసం ఏడిస్తే ఏం పోయింది?"

ఆ మాటకి ఎవరైనా సంతోషించాలి. సౌఫోంగ్‌కి మాత్రం ఏదో తేడా కొట్టింది. ఇందాక టీ కొట్టులో ససేమిరా అన్న మనిషి, రెండుసార్లు చూడగానే ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు? ఆమె ముక్కని దీపానికెదురుగా పెట్టి మళ్ళీ చూసింది. అలిగినవాడు ఇలా చూడడు. కవరు కోసం ఎదురుచూసేవాడు పక్కకి చూస్తాడు, కవరు వచ్చే వైపు.

"బాబాయ్, ఆ వేళ కవరు ఆలస్యమైందని మీకు కోపమొచ్చిందనుకున్నాం అందరం."

"అనుకోనీ."

"ఇది కోపం కాదే."

యౌ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కవరు వస్తూనే ఉంది. మేనేజర్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు కూడా, కెమెరాకి కనపడకుండా. నా చెయ్యే లేవలేదు. ఎడమ చెయ్యి అసలు నాది కాదన్నట్టు పడుంది. గుండెల మీద బండ పెట్టి తొక్కుతున్నట్టు నొప్పి. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. కెమెరా ఒక్కటే నన్ను చూస్తోంది, దాన్నే చూశాను. ఇక నిజంగానే అయిపోయిందనుకున్నా."

సౌఫోంగ్ ముక్కని బల్ల మీద పెట్టేసింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే మళ్ళీ ఎవడు పిలుస్తాడే? చచ్చే వేషానికి ఒంట్లో సత్తువుండాలి."

"పిన్నికి?"

"నవ్వానని చెప్పాను కదా."

పక్క గదిలో కిట్ పెద్దగా నవ్వుతున్నాడు, సీటో ఏదో మెచ్చుకున్నట్టున్నాడు. పొద్దుట్నుంచీ ఏ ఒక్క మాట కోసం సౌఫోంగ్ ప్రాణం విసిగిందో, ఆ 'పెట్టు' అన్న మాట ఇప్పుడు ఆమెకి దొరికింది. అతికించే చెక్క ఎదురుగానే ఉంది, టేపు ఉంది, కత్తి ఉంది. చెయ్యి మాత్రం కదలడం లేదు. ఆ రోజు ఆ మెట్ల చుట్టూ యూనిట్ అంతా నిలబడి ఉంది, ఎవరికీ తెలియలేదు. శుక్రవారం ఊరంతా డబ్బిచ్చి చూసేది ఆ సంగతినే. ఎంత గొప్పగా నటించాడో అంటారు.

"బాబాయ్, ఆ నొప్పి మళ్ళీ ఎప్పుడైనా వచ్చిందా?"

ఆయన బల్ల మీది ముక్కలో గళ్ళు గళ్ళుగా ఉన్న తన మొహాన్ని చూస్తున్నాడు.

"అడిగినదానికి చెప్పండి."

"ఇందాక దీన్ని రెండోసారి వేశావు చూడు, అప్పుడు మొదలైంది," అన్నాడు యౌ మెల్లగా. "ఇంకా తగ్గలేదు. నువ్వు అతికించు."